మబ్బు కాలి వంకర

అనగనగా ఒక కొండకోట. ఆ కోటలో మనుషులకన్నా గుర్రాలకే మర్యాద ఎక్కువ. రాజు తిమ్మభూపాలుడు తాను ముద్ద నోట పెట్టకముందే గుర్రాలకు ఉలవలు పెట్టారా అని అడిగేవాడు.

ఆ శాలలో మబ్బు అని ఒక ఆడగుర్రం ఉండేది. మేలుజాతిది, నెమ్మదైనది. లోపమల్లా ఒక్కటే, ముందరి ఎడమకాలు కొంచెం వంకర. అది పుట్టుకతోనే అంతే అని గుర్రాల కాపరి ఎర్రప్ప ఆరేళ్లుగా చెబుతున్నాడు.

ఆ జాతిలో మిగిలింది మబ్బు ఒక్కతే. దానికి ఒక పిల్ల పుట్టాలని రాజు కోరిక. జ్యోతిష్కుడు వచ్చి దాని ఒంటిమీది సుళ్లు లెక్కపెట్టి, "దివ్యంగా ఉన్నాయి ప్రభూ" అన్నాడు. పాపం, ఆయన చూపు కాలిదాకా దిగలేదు. రాజుకు నమ్మకం కుదరక గుర్రాల వైద్యం తెలిసిన ముసలి ఓబులమ్మను పిలిపించాడు.

మొదటిరోజు ఓబులమ్మ మబ్బు పళ్లు, కళ్లు, పొట్ట అన్నీ పరీక్షించి, "ఒళ్లు బాగుంది" అంది. రెండోరోజు వీపున ఇసుకమూటలు వేసి నడిపించింది. సాయంత్రం కాలు తడిమితే వాపు లేదు, వేడి లేదు. "పదకొండు నెలలు పిల్లను మోయగలదు" అంది.

మూడోరోజు రాజును అడిగింది. "ఈ వంకర పుట్టుకతో వచ్చిందా, తరవాత వచ్చిందా దొరా?"

"పుట్టుకతోనేనట."

"అయితే వద్దు. పిల్లకూ రావచ్చు. అది నడవలేక బాధపడితే ఆ పాపం మనదే."

"స్వారీకీ పనికిరాదు, పిల్లనూ కనకూడదు. రేపు సున్నపు గానుగకు పంపండి" అన్నాడు రాజు.

పక్కనే మబ్బు పగ్గం పట్టుకుని ఉన్న ఎర్రప్ప ఆ మాట విన్నాడు. నిజం చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే మబ్బు బతుకంతా గానుగ చుట్టూ తిరుగుతుంది. అదేమో ఏమీ ఎరగక అతని భుజం మీద తల ఆనించింది.

"తప్పు నాది దొరా," అన్నాడు. "ఇది కొండకింది బీడులో చక్కని కాళ్లతోనే పుట్టింది, అప్పుడు నేను తప్ప ఎవరూ చూడలేదు. మూడు నెలల పిల్లప్పుడు అక్కడే దీని కాలికి తాడు కట్టేసి కోడిపందేలకు పోయాను. వచ్చేసరికి తాడు చుట్టుకుని కాలు మెలిపడి ఉంది. భయపడి అబద్ధమాడాను."

ఓబులమ్మ వంగి, కాలిమీది వెంట్రుకలు పక్కకు తీసి తాడు ఒరుసుకున్న పాతమచ్చ చూపించింది. "నిన్ననే చూశాను. కానీ అది వంకరకు ముందుదో, తరవాతదో మచ్చ చెప్పదు. పెంచినవాడే చెప్పాలి. ఇక భయం లేదు దొరా, దెబ్బ తగిలి వచ్చిన వంకర పిల్లకు రాదు."

రాజు ఎర్రప్పను ఉరిమి చూశాడు. "పిల్ల పుట్టేదాకా మబ్బును వదిలి కదిలావో, కొలువు ఊడుతుంది. కోడిపందేల ఊసెత్తకు."

ఏడాది తిరిగేసరికి మబ్బు ఈనింది. పిల్ల లేవబోయి పడింది, మళ్లీ పడింది, మూడోసారి నాలుగు చక్కని కాళ్లమీద నిలబడింది. ఎర్రప్ప దాన్ని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పిల్ల కాలికి అతను ఏనాడూ తాడు కట్టలేదు.

కాబట్టి పిల్లలూ, దెబ్బతో వచ్చిన వంకర ఆ ఒక్క కాలితోనే ఆగిపోతుంది, దాచిన తప్పు మాత్రం ఏ పాపం ఎరగనివాళ్ల మెడకు చుట్టుకుంటుంది.