మూత మీది చుక్కలు

రాసిన అక్షరంలో తప్పేమిటో గెంజో గురువు ఎన్నడూ నోటితో చెప్పేవాడు కాదు. కాగితాన్ని బోర్లించి తెల్లవైపు పైకి పెట్టేవాడు. మళ్ళీ రాయాలన్నమాట.

జపాను లిపిలో ఎదురుచూడటానికి 待 అని ఒక అక్షరం ఉంది. శిష్యురాలు తోమోయె చలికాలమంతా అదే రాసింది. కాగితాలన్నీ బోర్లపడ్డాయి. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"ఎడమపక్క దారి, కుడిపక్క గుడి, ఆఖర్న ఒక చుక్క. అర్థమూ తెలుసు, వాడుకా తెలుసు. ఇంకేం కావాలి గురువుగారూ?"

"రేవులో ఒరికమ్మకు జ్వరమట. వెళ్ళి ఇంటిపని చేసిపెట్టు," అన్నాడాయన.

సముద్రం మీద చేపలవేటకు పోయిన ఒరికు భర్త నిరుటి నుంచి జాడలేడు. ఇంట లేని మనిషికీ పూటపూటా వడ్డించి, వేడిచారు గిన్నె మీద మూత పెట్టడం ఆ తీరంలో ఆచారం. మూత లోపల ఆవిరి చుక్కలు కడితే ఆ మనిషి ఎక్కడో క్షేమంగా ఉన్నట్టే. తోమోయె కొండ ఊరి పిల్ల, ఇదేమీ ఎరగదు. పైగా కాగితం పాడవుతుందని నీటిచుక్క కనబడితే చాలు తుడిచేసే చెయ్యి. గిన్నెలు సర్దుతూ ఆ మూతనూ ఎత్తి, తుడిచి, చల్లారిన చారు మీద మళ్ళీ పెట్టేసింది.

ఒరికు లేచి వచ్చి మూత తీసింది. పొడిగా ఉంది. ఆమె ముఖాన నెత్తురు చుక్క లేదు. "ఇన్నాళ్ళలో ఒక్కపూటా ఇలా లేదే..."

"అయ్యో, తడిగా ఉంటే నేనే తుడిచానమ్మా!"

ఒరికు ఆమె మణికట్టు పట్టుకుంది. "చుక్కలున్నాయా? పెద్దవా, చిన్నవా? మూతంతా ఉన్నాయా, ఓ పక్కనేనా?"

అదేమీ తోమోయె చూసుకోలేదు. చూపుకంటే ముందే గుడ్డ వెళ్ళింది.

"ఇల్లు తుడవమంటే మా ఆయన్నే తుడిచేశావు కదే పిల్లా," అంటూ ఒరికు నవ్వబోయింది. నవ్వు రాలేదు. చారు మళ్ళీ కాచి, గిన్నెలో పోసి, మూత పెట్టి ఎదురుగా కూర్చుంది. చెయ్యి మూతదాకా వెళ్ళేది, వెనక్కి వచ్చేది. "ఇంకాసేపు," అనేది. పొద్దు వాలి తోమోయె సెలవు తీసుకునేదాకా ఆ మూత లేవనేలేదు.

తిరిగొచ్చాక తోమోయె అడక్కుండానే కుంచె పట్టింది. దారి రాసింది. గుడి రాసింది. చుక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది.

తోమోయె మూత సంగతంతా చెప్పింది. గురువు కాగితం తిప్పలేదు.

"అలాగే ఉండనీ," అన్నాడు. "ముందు ఆవిణ్ణి మూత తియ్యనీ."