ఆఖరి పిల్ల చెయ్యి కడుక్కునేదాకా

రండర్రా, దగ్గరికి రండి. వెనకున్నవాళ్ళు ముందుకు జరగండి, గొంతు పెంచి చెప్పే కథ కాదిది. పెద్దవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడకుండా వచ్చి కూర్చోండి. ఒక విధంగా ఇది మీ కోసమే.

మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళను కడదాకా చూసుకునే నిలయం ఒకటి ఉంది. అక్కడ పెద్ద నర్సు ఎస్తేరమ్మ. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏదడిగినా ఆవిడ వెంటనే బదులు చెప్పదు. "పద, చూద్దాం" అని లేస్తుంది.

ఝాన్సీ అనే కొత్త పిల్ల ఆవిడను ఒకరోజు అడిగింది. "సిస్టరమ్మా, మతి లేని మనిషి అన్నం వద్దంటే, ఆ వద్దనేది మనిషా, జబ్బా? ఎలా తెలుస్తుంది?"

ఊరికే అడగలేదు. సింహాచలమ్మ అని ఒక ముసలమ్మ, ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వండి వడ్డించిన మనిషి, ఇప్పుడు తన పేరే మరిచిపోయింది. మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదు. ఝాన్సీకి ఆమె అంటే ప్రాణం. అందుకే ఎవరికీ పెట్టకముందే మొట్టమొదటి పళ్ళెం ఆమెకే తెచ్చేది. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే ముసలమ్మ పెదాలు బిగించి మొహం తిప్పుకునేది. "రేపటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేద్దాం. పీకేసుకుంటుంది, చేతులు మంచానికి కట్టాలి" అని చెప్పి వెళ్ళారు డాక్టరుగారు. ఆ చేతులు కట్టవలసింది ఝాన్సీయే.

"పద, చూద్దాం" అంది ఎస్తేరమ్మ.

మధ్యాహ్నం ఝాన్సీ పళ్ళెం తెచ్చింది. ముసలమ్మ మొహం తిప్పుకుంది. ఎస్తేరమ్మ ముద్దను చూడలేదు, ఆ మొహం ఎటు తిరిగిందో చూసింది. పక్క మంచాల వైపు. అక్కడ పన్నెండుమంది ఇంకా అన్నం అందక కూర్చుని ఉన్నారు.

ఎస్తేరమ్మ ఆ పళ్ళెం తీయించేసింది. అందరినీ వరండాలోకి నడిపించి, బల్లల ముందు వరుసగా కూర్చోబెట్టింది. చివర ఝాన్సీని కూడా కూర్చోమంది. పప్పుగిన్నె, గరిటె ముసలమ్మ చేతికిచ్చి, "పెద్దమ్మా, పిల్లలు ఆకలిమీదున్నారు" అంది.

ముసలమ్మ గరిటె పట్టుకుంది. వరుస మొదట్లో ఉన్నాయన ఒకప్పుడు తహసీల్దారు. ఆయన్ని చూసి ఆగిపోయింది.

"వార్డెనుబాబూ, మీకు ముందే ఎట్టీసినాను కదా! మళ్ళీ ఆడపిల్లల బంతిలో కూకున్నారేటి?"

ఆయన తడబడి, "వాసన బాగుందమ్మా" అన్నాడు.

"పోన్లెండి, ఈపాలికి" అని ఒక గరిటె వేసింది. ఝాన్సీ దగ్గరికి వచ్చి గరిటె నిండుగా ముంచింది. "ఏటే బక్కదానా, సెయ్యి అడ్డెడతావేటి? రేపు పరీచ్చలు కదేటి, తిను!"

ఝాన్సీ కళ్ళు తుడుచుకుంటూ తింది. పప్పు కారమైందనుకుందేమో, ముసలమ్మ మజ్జిగ కూడా పోయించింది.

ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా ఆమె నిలబడే ఉంది. తర్వాత బల్లలన్నీ ఒకసారి పరికించి, కుర్చీలో కూలబడి, "అమ్మయ్య! ఏదీ, నాకింత ఎట్టండర్రా" అంది. ఝాన్సీ వడ్డించిన పళ్ళెం ఖాళీ అయింది. మర్నాడు డాక్టరుగారు గొట్టం తెచ్చి, తెచ్చినట్టే పట్టుకుపోయారు.

ఐదు నెలలు అలా నడిచింది. వానలు వెనకబట్టే వేళకు ముసలమ్మ మళ్ళీ తినడం మానేసింది. ఈసారి మంచం మీంచి లేవనూ లేదు. ఝాన్సీ ఎస్తేరమ్మ వైపు చూసింది.

"నన్నెందుకు చూస్తావు? ఆమెనే అడుగు."

ఝాన్సీ గరిటె తెచ్చి ఆ చేతిలో పెట్టింది. వేళ్ళు దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు తడిమాయి. తర్వాత మెల్లిగా ఝాన్సీ చేతిలోనే పెట్టేశాయి.

గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. ఝాన్సీ ఆ రోజంతా మంచం పక్కనుంచి కదలకుండా తడిగుడ్డతో పెదాలు అద్దుతూ కూర్చుంది. ముసలమ్మ చూపు మాత్రం గుమ్మం వైపు ఎవరినో వెతుకుతూనే ఉంది. ఝాన్సీ ఆమె చెవి దగ్గరకు వంగింది.

"అందరూ తిన్నారు పెద్దమ్మా. ఆఖరి పిల్ల కూడా చెయ్యి కడుక్కుంది."

"బక్కది?" అంది ముసలమ్మ.

"కడుపునిండా."

నుదుటి ముడుతలు విడిపోయాయి. మర్నాడు ఎండ గుమ్మం దాటేవేళకు, ఏ కట్టూ లేని చేతులు దుప్పటి మీద పెట్టుకుని, నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఝాన్సీ కాసేపు ఏడ్చింది. గుండె ఇంత తేలిగ్గా ఎందుకుందో తనకే తెలియలేదు. "సిస్టరమ్మా, ఆవేళ నేనడిగినదానికి మీరు బదులు చెప్పనేలేదు" అంది.

ఎస్తేరమ్మ ఆమె చేతిలోంచి గరిటె తీసుకుంది. "ముందు వెళ్ళి అన్నం తిను. బక్కది కడుపునిండా తిందని ఆమెకు చెప్పావు."

ఇంతే కథ. లేవండిక, ఇళ్ళకు పోయి అన్నాలు తినండి. మీరు చెయ్యి కడుక్కునేదాకా తను అన్నానికి కూర్చోని మనిషి ఎవరో ఒకరు ఇంట్లో ఉండే ఉంటారు.