వెంగమ్మ తవ్విన అయిదో ఆట

ఏటికి అవతల వేరుశనగ చేలు, చేలు దాటితే ఎర్రదిబ్బ. కాయలు పీకి ఇళ్లకి తోలుకుపోయాక మనుషులు ఆ వైపు తొంగి కూడా చూడరు. ఇక ఆ దిబ్బ జంతువులదే. వానలు పడేలోపు ఏటేటా అక్కడ ఒక ఆట జరుగుతుంది. దాని పేరు దిబ్బాట.

ఆ ఆట పెట్టేది సూదుల వెంగమ్మ అనే ముళ్లపంది. తవ్వడంలో ఆమెని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఏడాదికో కొత్త బొరియ తవ్వుతుంది. మెలికలు, మోసపు దారులు, ఎక్కుళ్లు, దిగుళ్లు అన్నీ పెట్టి, ఆ చివర ఒక గది తొలుస్తుంది. ఆ గది దాకా చేరినవాళ్లు అక్కడి మట్టి ముక్కుకి రాసుకుని బయటికి రావాలి. దాన్ని ముక్కుబొట్టు అంటారు. ముక్కుబొట్టు లేనివాడు ఆ ఏటి ఆట గురించి నోరెత్తకూడదు. అది దిబ్బ కట్టుబాటు.

మొదటి నాలుగు ఆటలూ కుందేలు చెంగయ్యకి ప్రాణం. అవన్నీ ఉరుకులాటలే మరి! దూరితే ఆగే పని లేదు. మలుపు మీద మలుపు, దూకు మీద దూకు. చివరి గదిలో నుంచి ఎర్రటి ముక్కేసుకుని బయటపడితే చెంగయ్య మీసాలు రోజంతా నిలబడే ఉండేవి.

అయిదోది వచ్చింది. కొంప ముంచింది.

వెంగమ్మకి ఏం బుద్ధి పుట్టిందో గానీ, ఆ బొరియ ఇరుకు, చీకటి. కూడలి వచ్చినప్పుడల్లా ఆగాలి. గోడకి చెవి పెట్టాలి. దిబ్బ అడుగున ఎక్కడో ఊట ఉంది, ఆ నీటి చప్పుడు ఏ వైపు వినిపిస్తే ఆ వైపు పోవాలి. తొందరపడి దూకితే మట్టిగోడే. చెంగయ్య తొందరపడ్డాడు, నుదురు బొప్పి కట్టించుకున్నాడు. రెండో కూడలిలోనే తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. వస్తూ వస్తూ గుమ్మం దగ్గరి ఎర్రమట్టి కాస్త ముక్కుకి పూసుకున్నాడు. "మిగతాదాంట్లో మాత్రం ఇంతకంటే ఏం ఊడిపడుతుంది?" అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

బయట తుమ్మచెట్టు నీడలో ఉడుము మంగతాయి కూర్చుని ఉంది. ఆమె ముక్కు మీదా ఎర్రమట్టే. మొహం మాత్రం పెళ్లిభోజనం చేసొచ్చినట్టుంది.

"ఎంత బాగుందిరా చెంగయ్యా!" అంది.

"నీకేమైనా ఎండదెబ్బ తగిలిందా అక్కా? అది ఆటా? నాలుగడుగులు వేస్తే గోడ. ఆగు, చెవి పెట్టు, విను, మళ్లీ ఆగు. కాళ్లున్నవాడు ఆడే ఆటేనా?"

"కాళ్లున్నవాడికి కాదులే. తలకాయ ఉన్నవాడికి."

"ఏమన్నావు?"

"వినబడే ఉంటుంది. అంతంత చెవులున్నాయిగా!"

అంతే. ఏళ్ల తరబడి ఒకే నీడన కూర్చున్నవాళ్లు ఆ పూట నుంచి చెరో చెట్టు చూసుకున్నారు. చెంగయ్య వెనక ఎలుకలు, గౌజుపిట్టలు చేరాయి. మంగతాయి వెనక తొండలు, కప్పలు చేరాయి. "నాలుగోదే ఆట, అయిదోది తద్దినం" అని వీళ్లు. "మొదటి నాలుగూ పసిపిల్లల పరుగులు, అయిదోదే అసలు ఆట" అని వాళ్లు. ఎదురుపడితే పలకరింపులు పోయాయి, ఎత్తిపొడుపులు వచ్చాయి. పొద్దెక్కితే కొట్లాట, పొద్దు వాలితే కొట్లాట. అందరి ముక్కుల మీదా ముక్కుబొట్టు ఉంది కాబట్టి ఎవర్నీ నోరు మూసుకోమనే వీల్లేదు.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా? ఇక్కడ పిల్లి లేదు గానీ నక్క ఉంది. పేరు జంబయ్య. బండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు.

పొద్దున్నే చెంగయ్య దోసపళ్లు పట్టుకొస్తే, "నాయనా, నీ బాధ నాకు తెలీదా? పరుగు తీసేశాక దిబ్బాటలో ఇంకేం మిగిలింది? వెంగమ్మకి వయసు మీదపడింది," అనేవాడు. చెంగయ్య కళ్లు చెమర్చేవి.

సాయంత్రం మంగతాయి ఏటి పీతలు పట్టుకొస్తే, "తల్లీ, అది అందరికీ ఎక్కేది కాదు. లోతు తెలిసినవాళ్లకే ఎక్కుతుంది. నీకూ నాకూ ఎక్కిందంటే అది వేరు," అనేవాడు. మంగతాయి తోక ఊపేది.

రెండు పూటలా విందే. ఏడాది తిరిగేసరికి జంబయ్య పొట్ట బానలా తయారైంది.

మళ్లీ దిబ్బాట రోజులొచ్చాయి. పడమట మబ్బు పడుతోంది. నేల తడిస్తే ఇక తవ్వడం కుదరదు. వెంగమ్మ చూస్తే కాలు కదపడం లేదు. చెంగయ్యకి ఉండబట్టలేదు, ఆమె గుమ్మం దగ్గరికి పోయాడు.

"అత్తా, మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఇంకా గోరు పెట్టలేదేం?"

"పెట్టను."

"అదేం మాట అత్తా!"

"పొద్దున మంగతాయి వచ్చింది. అయిదోదానిలా తవ్వకపోతే నా మొహం చూడనంది. ఇప్పుడు నువ్వొచ్చావు. నాలుగోదానిలా తవ్వమంటావు. అంటావా, అనవా?"

"అంటాను మరి."

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నాకెందుకొచ్చిన గోల? గోళ్లు అరిగేలా తవ్వింది నేను, మీ చేత తిట్లు తినేదీ నేనేనా? ఈ ఏడు దిబ్బాట లేదు. వచ్చే ఏడూ ఉండదు. పో!"

చెంగయ్య బతుకే పరుగు. చేనులో కుక్క మొరిగితే పరుగు, గద్ద నీడ పడితే పరుగు, ఆకు కదిలితే పరుగు. ఎవరూ తరమకుండా, ఒట్టి సరదాకి పరిగెత్తే చోటు వాడికి ఈ భూమ్మీద ఆ దిబ్బ ఒక్కటే. అదీ పోతే ఇక మిగిలేది భయమే.

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఏం చేస్తే తవ్వుతావో చెప్పు."

వెంగమ్మ వాడి ముక్కు వైపు ఓ చూపు చూసింది. "రేపు పొద్దున అందర్నీ రమ్మను. అయిదో ఆట చివరి గది దాకా పోయినవాడు ఒక్కడు నా ముందు నిలబడి, ఆ గది ఎలా ఉందో చెప్పాలి. వాడు ఎలా తవ్వమంటే అలా తవ్వుతాను."

చెంగయ్యకి ముక్కు దురద పెట్టింది. గబగబా ఆలోచించాడు. "జంబయ్య మామ చెబుతాడత్తా! ఆయన మా పక్షమే."

"అలాగా? మంగతాయి కూడా ఆ మాటే అంది," అంది వెంగమ్మ.

తెల్లారింది. దిబ్బ ముందు ఇసకేస్తే రాలనంత మంది. ఆ పక్క వాళ్లు, ఈ పక్క వాళ్లు. మధ్యలో జంబయ్య, ముక్కుకి దట్టంగా ఎర్రమట్టి పట్టించి, పొట్ట మోసుకుంటూ వచ్చాడు.

"చెప్పు జంబయ్యా. ఆ గది ఎలా ఉంది?" అంది వెంగమ్మ.

జంబయ్య గొంతు సవరించుకున్నాడు. అటు దోసపళ్లు, ఇటు పీతలు. ఏదీ పోగొట్టుకోలేడు. "ఆ గది సంగతి మాటల్లో చెప్పేదా? ఒక వైపు నుంచి చూస్తే విశాలం. ఇంకో వైపు నుంచి చూస్తే ఇరుకు. ఉరికేవాడికి ఉరుకు, ఆగేవాడికి ఆగు."

"భలే!" అన్నారు ఆ పక్క వాళ్లు. "శెభాష్!" అన్నారు ఈ పక్క వాళ్లు.

"సరే. మట్టి ఏ రంగు?"

"ఇదేం ప్రశ్న వెంగమ్మా! ఎర్రదిబ్బలో మట్టి ఎర్రగా ఉండక పచ్చగా ఉంటుందా?" అని నవ్వాడు జంబయ్య. జనం కూడా నవ్వారు.

వెంగమ్మ నవ్వలేదు. గుప్పిలి చాపి తెరిచింది. పాలలా తెల్లటి సుద్దమట్టి.

"అయిదో ఆట చివరి గది మట్టి ఇదీ," అంది. "అంత లోతుకి తవ్వితే తెల్ల సుద్ద తగిలింది. ఏడాది నుంచి చూస్తున్నాను, ఒక్క తెల్ల ముక్కు బయటికి వస్తుందేమోనని."

"దొంగ! మోసగాడా!" అని అందరికంటే ముందు అరిచింది చెంగయ్యే. "ఒక్కడుగు లోపల పెట్టకుండా మా దోసపళ్లు మింగుతావా? నీ ముక్కు మీద ఆ ఎర్రమట్టి ఎక్కడిది?"

"మరి నీ ముక్కు మీదది ఎక్కడిదిరా?" అంది మంగతాయి.

చెంగయ్య గబుక్కున ముక్కు కప్పుకున్నాడు. మరుక్షణమే తేరుకున్నాడు. "నీదో?"

ఈసారి మంగతాయి ముక్కు దాచుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎలుకలు, తొండలు, గౌజుపిట్టలు, కప్పలు అందరూ ఒకేసారి ముక్కులు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అన్నీ ఎర్రవే! ఏడాది పొడుగునా కొట్టుకు చచ్చారు గానీ ఆటని ఆ చివరిదాకా ఆడినవాడు ఒక్కడు లేడు.

"ఏరా చెంగయ్యా, నువ్వెందాకా పోయావు?" అంది వెంగమ్మ.

"రెండో కూడలి." చెంగయ్య తల దించుకున్నాడు. "ఆగి చెవులు నిక్కించడం బయట నేను రోజూ చేసే పనే అత్తా. ఏ కుక్క వస్తుందోనని. ఆటలోకి వచ్చినా అదే చేయమంటే నాకు ఏడుపొచ్చింది. అందుకే వెనక్కి వచ్చేశాను."

మంగతాయి వాడి వంక వింతగా చూసింది. "నేనూ అక్కడే ఆగానురా. నువ్వు రాకముందే దూరాను. బండ మీద ఎండలో పడుకుంటే ఏ వలవాడు వస్తాడోనని ఎప్పుడూ ఒక కన్ను తెరిచే ఉంచుతాను. ఆ చీకట్లో, ఆ చల్లదనంలో, ఆ నీటి చప్పుడుకి రెండు కళ్లూ మూతపడ్డాయి. హాయిగా నిద్రపోయి లేచి వచ్చేశాను. అంతకంటే మంచి ఆట ఎక్కడుంటుంది అనుకున్నాను."

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే నీతో గొడవే పడేవాణ్ణి కాదు కదక్కా!"

"నువ్వు చెప్పావా?"

వీళ్లు ఇలా కలిసిపోతుంటే జంబయ్యకి కాళ్ల కింద నేల కదిలింది. "ఆగండాగండి! నేను పోయింది నిజం, రంగు మరిచిపోయాను. కావాలంటే ఇప్పుడే పోయి తెల్లమట్టి తెస్తాను," అంటూ బొరియలో తల దూర్చాడు.

తల పట్టింది, మెడ పట్టింది. రెండు పూటల విందు తిన్న పొట్ట పడుతుందా? నడుం దగ్గర బిరడాలా బిగుసుకుపోయాడు. వెనక కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. "అమ్మో! లాగండర్రా! చస్తున్నాను!" అని లోపల్నుంచి కేకలు.

మంగతాయి వాడి తోక నోట కరుచుకుంది. ఉడుంపట్టంటే మాటలా? చెంగయ్య మంగతాయిని పట్టుకుని లాగాడు. ఎలుకలు చెంగయ్యని పట్టుకున్నాయి. ఫట్‌మని ఊడిపడ్డాడు జంబయ్య. తోకలో సగం బొచ్చు మంగతాయి నోట్లోనే ఉండిపోయింది. వాడు వెనక్కి చూడకుండా చేలకి అడ్డంపడి పరిగెత్తాడు.

ఆ నవ్వులు సద్దుమణిగాక చెంగయ్య గుమ్మం దగ్గర తచ్చాడాడు. "అక్కా, పోదామా? నువ్వు నిద్రపోనని మాటివ్వు."

"నువ్వు ఉరకనని మాటివ్వు."

ఇద్దరూ దూరారు. మొదటి కూడలిలో చెంగయ్య వెనక్కి తిరగబోయాడు. "ఇక్కడ కుక్కల్లేవురా, నేనున్నానుగా," అంది వెనక నుంచి మంగతాయి. వాడు ఆగాడు, చెవి పెట్టాడు, నీటి చప్పుడు పట్టాడు. ఆ చెవులకి అదొక లెక్కా? రెండో కూడలి దగ్గర మంగతాయికి ఆవులింత వస్తే వాడు మీసంతో ముక్కు మీద గిలిగింతలు పెట్టాడు. అలా ఒకళ్ల వెనక ఒకళ్లు తిట్టుకుంటూ, లాక్కుంటూ, చిట్టచివరికి తెల్లటి గదిలోకి వచ్చి పడ్డారు.

గది అవతల గోడ లేదు. నున్నటి తెల్ల సుద్ద దారి ఒకటి వెడల్పుగా, వాలుగా, ఎదురనేదే లేకుండా దిబ్బ వెనక్కి దిగిపోయింది. నాలుగు ఆటలూ కలిపినా అంత పొడుగు పరుగు లేదు. చెంగయ్య "అత్తోయ్!" అని ఒక్క కేక పెట్టి దూకాడు. మలుపు లేదు, గోడ లేదు, తరిమేవాడు లేడు. వాడు ఉరికిన ఉరుకుకి చివర వెంగమ్మ వదిలిపెట్టిన పల్చటి మట్టిపొర పగిలి, కంపచెట్టు పక్కన వెలుతుర్లోకి వచ్చిపడ్డాడు. ముక్కు తెల్లగా ఉంది. నవ్వుతూనే ఏడుస్తున్నాడు.

వాడి వెనకే మంగతాయి గిరగిరా దొర్లుకుంటూ వచ్చింది.

"ఛీ ఛీ! ఇదేం ముగింపు? అంత చల్లటి ఆటని ఆఖర్న పాడుచేసింది కదరా!"

"పాడుచేసిందా? అదే కదక్కా అసలు ఆట! ముందు భాగమంతా దీనికోసమే!"

"నీ మొహం! ముందు భాగం కోసమే ఇదంతా భరించాను!"

వెంగమ్మ దిబ్బ మీద నుంచి వింటోంది. "చివరిదాకా పోయినవాళ్లు ఇద్దరూ చెరో మాట చెప్పారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఇక ఆరోది నాకిష్టమొచ్చినట్టు తవ్వుకుంటాను," అని గోళ్లు విదిల్చి మట్టిలోకి దిగింది.

చెంగయ్య, మంగతాయి మాత్రం ఒకే తుమ్మనీడన కూర్చుని, తెల్ల ముక్కులతో చీకటి పడేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ పొద్దు నుంచి జంబయ్య బండ దగ్గరికి దోసపండు గానీ పీత గానీ రాలేదు. ఎవరైనా వచ్చి తీర్పు అడుగుతారేమోనని వాడు రోజూ కూర్చుని చూసి చూసి, చివరికి పీతలు తనే పట్టుకోవడానికి ఏటికి పోయాడు.

నచ్చడం నచ్చకపోవడం ఎవరి ఆకలి వాళ్లది గానీ, వడ్డన పూర్తికాకుండా విస్తరి ముందు నుంచి లేచినవాడు వంటకి వంక పెట్టకూడదు.