మూడు ఒకేలా పడితే

గుమ్మడివలసలో పోలయ్య, గంగులు, చిన్నంనాయుడు అని ముగ్గురన్నదమ్ములు. తెలివంతా తమ ఇంట్లోనే ఉందని, అది ఎక్కడ బయటికి పోతుందోనని కిటికీలు కూడా తెరిచేవారు కాదు. వానొస్తే గొడుగు పాడైపోతుందని చంకలో దాచుకుని, తాము తడిసి ఇంటికొచ్చేవారు. వచ్చాక గొడుగు చూపించి, ‘చూశారా, చుక్క తడవలేదు’ అని మురిసిపోయేవారు.

చిన్నంనాయుడికి పార్వతాలుతో పెళ్ళి కుదిరింది. పార్వతాలు నవ్వితే పెదవి కంటే ముందు కళ్ళు నవ్వుతాయి. ఆ కళ్ళు తలుచుకుంటూ చిన్నంనాయుడు అన్నం కలుపుకుని తినడం మరిచిపోయేవాడు. పిల్ల తల్లి మాత్రం ఒక్కటే చెప్పింది, వెండి మెట్టెలు తేకపోతే పీటల మీద కూర్చోనివ్వనని. పెళ్ళి రేపనగా ముగ్గురూ డబ్బు మూటగట్టుకుని పట్నం ఎగ్జిబిషన్‌కి బయల్దేరారు. వెండి కొట్టు అక్కడే ఉంది.

వెండి కొట్టుకి ముందు దానయ్య గుడారం తగిలింది. లోపల ఒక మిషను, దానికి మూడు బొమ్మల చక్రాలు, పక్కన ఒక ఇనప చెయ్యి. పైన బోర్డు: ‘మూడు ఒకేలా పడితే వెండి పట్టీలు మీవే.’

పోలయ్య లెక్క తేల్చేశాడు. కొట్టువాడు డబ్బు తీసుకుని మెట్టెలే ఇస్తాడు, ఈ మిషనైతే పట్టీలిస్తుంది, పట్టీలు మెట్టెలకంటే పెద్దవి. ఇంకేముంది, డబ్బంతా ఇచ్చి బిళ్ళలు కొన్నారు. బిళ్ళ వేసి చెయ్యి లాగాలని దానయ్య చూపించాడు.

వేశారు, లాగారు. పది బిళ్ళలు పోయాయి. పక్కనున్న ముసలాయన, ‘బాగా మింగిందిరా, ఇక కక్కక తప్పదు’ అన్నాడు. అంతే, గంగులు మిషను వీపు నిమిరాడు. కక్కకపోయేసరికి పరుగున పోయి చెంబుడు ఉప్పునీళ్ళు తెచ్చాడు. బిళ్ళలు వేసే కన్నంలో పోయబోతుంటే దానయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఈసారి రెండు మామిడిపళ్ళు పడ్డాయి, మూడోది గంట. ‘అయ్యో, మూడో మామిడిపండు కొద్దిలో తప్పింది’ అన్నాడు ముసలాయన. తప్పిందా! ముగ్గురూ మిషను కింద, బల్ల కింద, ముసలాయన సంచిలో వెతికారు. దొరకలేదు. గంగులు తప్పిపోయిన పిల్లల్ని పిలిచే మైకు దగ్గరికి పోయి, పసుపు రంగు మామిడిపండు తప్పిపోయిందని, చూసినవాళ్ళు దానయ్య గుడారానికి తీసుకురావాలని చెప్పించాడు. నలుగురు నిజంగానే పళ్ళు తెచ్చారు. ఒక్కటీ మిషనులోది కాదు.

దానయ్య తల పట్టుకుని, ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. “ఒరే నాయనా, అది మింగేదీ లేదు, కక్కేదీ లేదు. ఆ చక్రాలు వేటికవే తిరుగుతాయి. ఇందాక ఏం పడిందో మిషనుకి గుర్తుండదు. వెయ్యిసార్లు లాగినా దానికి ప్రతిసారీ మొదటిసారే.”

“నాకూ అంతే, పార్వతాల్ని చూసినప్పుడు,” అన్నాడు చిన్నంనాయుడు.

గుర్తుండదన్న మాట పోలయ్య మనసులో పడింది. పాపం, మరిచిపోయి ఇవ్వడం లేదన్నమాట. అప్పట్నుంచి బిళ్ళ బిళ్ళకీ, ‘మేము గుమ్మడివలస వాళ్ళం, ఇందాక వచ్చామే, వీడికి పెళ్ళి’ అని మిషనుకి చెప్పడం మొదలుపెట్టాడు. వెనకాల జనం బారు తీరారు. చివరికి చిన్నంనాయుడి జేబులో ఒకే ఒక్క బిళ్ళ మిగిలింది. అది వాడు వెయ్యనన్నాడు. అదీ పోతే పార్వతాలు పోయినట్టేనని వాడి భయం.

గంగులు మళ్ళీ బోర్డు చదివాడు. ‘మూడు ఒకేలా పడితే.’ తమ ముగ్గుర్నీ ఒకసారి చూసుకున్నాడు. అవే పంచెలు, అవే చొక్కాలు.

“అన్నా, మనమే పడాలి,” అన్నాడు.

అంతే, ముగ్గురూ దబ్బున పడ్డారు. అన్నలిద్దరూ బోర్లా, చిన్నంనాయుడు వెల్లకిలా. ఒకేలా పడలేదని మళ్ళీ లేచి పడ్డారు. ఈసారి గుంజ తగిలి గుడారం సగం వాలింది. మూడోసారికి లేస్తుంటే దానయ్య పరుగున వచ్చి, వాళ్ళ డబ్బంతా పోలయ్య చేతిలో కుక్కి, వెండి కొట్టుదాకా తనే దిగబెట్టాడు.

“చూశావా తమ్ముడూ, కక్కించాం,” అన్నాడు పోలయ్య.

మర్నాడు మెట్టెలు చూసి అత్తగారు పీట వేసింది. పంతులుగారు అమ్మాయి చెయ్యి అందుకోమన్నారు. చెయ్యి అన్న మాట చెవిన పడగానే చిన్నంనాయుడు జేబులో బిళ్ళ తీసి, పార్వతాలు అరచేతిలో పెట్టి, చెయ్యి కిందికి ఒక్క లాగు లాగి, ఆమె ముఖంలోకి చూస్తూ ఊపిరి బిగబట్టాడు. అన్నలిద్దరూ కింద కండువా పరిచి పట్టుకున్నారు.

పార్వతాలు తెల్లబోయింది. తర్వాత ఆమె కళ్ళు నవ్వాయి.

“రెండూ ఒకేలా పడ్డాయిరా,” అన్నాడు పోలయ్య, “మూడో కన్ను కొద్దిలో తప్పింది.”

ఇంకేముంది, గంగులు బాజాల వాళ్ళ మైకు కోసం పరిగెత్తాడు.