కొత్వాలు వసారాలో మగ్గం గుంట

ఆ ఊళ్లో ఖాళీ ఇళ్లన్నీ కొత్వాలువే. అద్దె ఎవరూ భరించలేక అవి తాళాలతోనే ఉండేవి. అందుకని పాతికేళ్లు దాటినవాడు కన్నవాళ్ల ఇంట్లో కనిపిస్తే కొరడా దెబ్బలని ఆయన దండోరా వేయించాడు.

మర్నాడే ఇరవై ఏడేళ్ల నేతగాడు చెంగయ్య పలుగుతో వచ్చి, కొత్వాలు ఇంటి వసారాలో తవ్వడం మొదలుపెట్టాడు.

“ఏం చేస్తున్నావురా?” అని కొత్వాలు అరిచాడు.

“మగ్గానికి గుంట తవ్వుతున్నాను దొరా. చోటుండి, తాళం లేని ఇల్లు ఊళ్లో ఇదొక్కటే.”

“మీ ఇంటికి పోరా!”

“పోతే కొరడా దెబ్బలన్నారు కదా! నా ఈడు నేతగాళ్లు ఇంకో పదకొండు మంది పలుగులతో వస్తున్నారు. వాళ్లెక్కడ తవ్వాలో కూడా తమరే చెప్పండి.”

కొత్వాలు నున్నటి గచ్చు వైపు చూసుకున్నాడు.

కన్నవాళ్లను అంటిపెట్టుకుని ఉండటమే పుత్రధర్మమని మధ్యాహ్నానికి రెండో దండోరా మోగింది.