ఓబులమ్మ ఎడమపక్క

మూత్రపిండం తయారు కాకపోతే తప్పు ఎవరిదని తిరుమలేశు అడిగినప్పుడు వేదవల్లి మేడమ్ జవాబు చెప్పలేదు. ప్రశ్న అడిగిన శిష్యుడికి పని చెప్పడం ఆవిడ అలవాటు. ఎలుక పిండంలోంచి కిడ్నీ మొలకనూ, దాని చుట్టూ ఉండే మెత్తటి కణజాలాన్నీ విడదీసి చెరో గిన్నెలో పెట్టమన్నారు. మూడు రోజులకు రెండూ వాడిపోయాయి. ఇంకో గిన్నెలో కలిపి ఉంచిన జత మాత్రం కొమ్మలు వేసింది. రెండింటిలోనూ ఉన్నవి అవే జన్యువులు. ఒకటి పిలిస్తే రెండోదానిలో నిద్రపోతున్నవి మేలుకుంటాయి, అది బదులిస్తే మొదటిది పెరుగుతుంది. తిరుమలేశు అంతా చూసి, అయినా లోపం ఎక్కడో ఒకచోటే ఉండాలి కదా అన్నాడు. తెలివైనవాడే, కానీ చెప్పింది తలకెక్కితేగా.

ఆ గిన్నెలు ఇంకా కడగనే లేదు, ఆదోని దగ్గర పల్లె నుంచి నాగవేణి అనే అమ్మాయి వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడింది. రెండు నెలల కిందట ఆమెకు ఒకే కిడ్నీతో పాప పుట్టింది. ఇప్పుడు చంకలో ఆ పాప లేదు. రవిక పాలతో తడిసిపోయి ఉంది. పాపకూ తనకూ మా ల్యాబులో రక్తపరీక్ష చేసి తిరుమలేశు ఇచ్చిన రిపోర్టులో ‘లోపం తల్లి నుంచి సంక్రమించింది’ అని ఉందట. అత్త ఓబులమ్మ దాన్ని వీధిలో నలుగురి ముందూ చదివించి, పాపను తన దగ్గర ఉంచుకుని, కోడల్ని పుట్టింటికి తోలేసింది.

మేడమ్ రిపోర్టు తెప్పించి చూశారు. బిడ్డ జన్యువులో దొరికిన తేడా తల్లి రక్తంలోనూ ఉంది, ఆ మాట నిజమే. తండ్రి రక్తం ఏదని అడిగారు. అతను రాలేదన్నాడు తిరుమలేశు. మా దగ్గర ఎప్పుడూ ఇంతే. బిడ్డతో వచ్చేది తల్లి, సూదికి చెయ్యి చాపేది తల్లి, చివరికి దొరికిపోయేదీ తల్లే. ఎలుకల గది చూసుకునే నాకే ఒళ్ళు మండిపోయింది. మేడమ్‌కి కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గుతుంది.

"ఎలుకకైతే రెండు గిన్నెలు పెట్టావు. ఈ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే పెట్టావేం?"

మర్నాడు నాగవేణి అత్తింటి వాళ్ళనందరినీ పిలిపించి, అందరికీ స్కానింగ్ చెయ్యాలన్నారు. నలుగురు బిడ్డల్ని కన్నాను, నాకేం రోగమని గొణుగుతూనే ఓబులమ్మ బల్ల మీద పడుకుంది. కుడిపక్క కిడ్నీ కనిపించింది. ఎడమపక్క ఎంత వెతికినా ఏమీ లేదు. అరవై రెండేళ్ళుగా ఆమె ఒక్కదానితోనే బతికింది, ఆ సంగతి ఆమెకే తెలియదు. విన్నాక కోడలి వైపు చూడలేకపోయింది. లేచి, పాపను తెచ్చి నాగవేణి ఒళ్ళో పెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే.

తిరుమలేశు హుషారుగా కొత్త రిపోర్టు రాసుకొచ్చాడు. అందులో ‘లోపం తండ్రి వైపు నుంచి సంక్రమించింది’ అని ఉంది. మళ్ళీ ఒక్క గిన్నేనా అంటూ మేడమ్ దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశారు. తర్వాత స్కానింగ్ బల్ల చూపించారు.

"పడుకో. నీకెన్ని ఉన్నాయో చూద్దాం. రాసేది ఆ తర్వాత రాద్దువుగాని."