బూడిదలో అడుగులు

రాజుగారి తెల్లగుర్రం మల్లెచెండు రోగమొచ్చి చచ్చిందనీ, కళేబరాన్ని తానే కాల్పించాననీ, తప్పంతా గుర్రాలు కాసే కాటమయ్యదేననీ సేనను నడిపే దళవాయి చెప్పాడు. కాటమయ్యకు ఉరిశిక్ష పడింది.

ఆ పొద్దున పొగమంచు దట్టంగా కమ్మింది. రాజుగారి వెంట దళవాయి తన కొత్త నల్లగుర్రమెక్కి ఉరి చూడవచ్చాడు. ఆ డెక్కల చప్పుడుకు కాటమయ్య చెవులు రిక్కించి, రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, ఆఖరి కోరిక. బూడిద చల్లించి, ఆ గుర్రాన్ని దానిమీద నడిపించండి."

నడిపించారు. కాటమయ్య మొలకు చుట్టుకున్న తాడు విప్పి అడుగుల వెంట పరిచాడు. మల్లెచెండు అడుగుల్ని కొలిచి ఎప్పుడో ముడులు వేసుకున్న తాడది. ముడి ముడి దగ్గరా డెక్క గుర్తు సరిగ్గా పడి ఉంది.

"మనిషి కన్ను మొహమాటపడుతుంది గానీ తాడు పడదు ప్రభూ. చచ్చిన గుర్రమే దీని కాళ్లతో నడుస్తోంది."

రాజు మొహం పాలిపోయింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"దయ్యం పట్టిన గుర్రాన్ని, ఎక్కినవాడితో సహా కాల్చెయ్యాలంటారు మా పెద్దలు."

రాజు తలూపాడు. మంచులోంచి కాగడాలు కదిలాయి. గుర్రం మెల్లగా మెడ తిప్పి కాటమయ్యనే చూసింది.

దళవాయి కిందికి దూకి రాజు కాళ్లమీద పడ్డాడు. "దయ్యం కాదు ప్రభూ! మల్లెచెండే! నల్లరంగు వేయించాను!"

కాటమయ్య తాడు చుట్టుకుంటూ అన్నాడు: "నాకు తెలుసు దొరా. దయ్యాలకు బూడిదలో అడుగులు పడవు."